తీసేస్తే ఏం ఆగిపోతుంది?

కోడింగ్ ఇంటర్వ్యూలకి ప్రిపేరైనవాళ్ళకి లీట్‌కోడ్ 274వ ప్రాబ్లమ్ గుర్తుండే ఉంటుంది. దాని పేరు హెచ్-ఇండెక్స్. ఒక శాస్త్రవేత్త రాసిన పరిశోధన పత్రాలకి ఎన్నెన్ని సైటేషన్లు వచ్చాయో ఒక అర్రేలో ఇస్తారు. అంటే, మిగతావాళ్ళు తమ పేపర్లలో ఆ పేపరుని ఎన్నిసార్లు ప్రస్తావించారన్నమాట. ఉదాహరణకి 3, 0, 6, 1, 5. జవాబు 3. ఎందుకంటే కనీసం మూడేసి సైటేషన్లున్న పేపర్లు మూడున్నాయి. పెద్దదాని నుంచి చిన్నదానికి సార్ట్ చేసుకుని, ఒక్కోటీ చూసుకుంటూ వెళ్ళి, లెక్క కుదరని చోట ఆగిపోవడమే. పది లైన్ల కోడ్.

ఆ పది లైన్ల జవాబు మీద మనుషుల ఉద్యోగాలు ఆధారపడి ఉంటాయన్న సంగతి మాత్రం ఆ ప్రాబ్లమ్‌లో ఎక్కడా ఉండదు.

మా పిన్ని కూతురు ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేసింది. ఇప్పుడు పోస్ట్‌డాక్. యాంటీబాడీల మీద పని. ఈమధ్య ఒక సంస్థలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది.

"ఏం అడిగారక్కా?" అన్నాను.

"హెచ్-ఇండెక్స్ ఎంతన్నారు. తొమ్మిదన్నాను. ఒకాయన కాగితం మీద రాసుకున్నారు. ఆ తర్వాత పెద్దగా ఏం అడగలేదు రా."

"తొమ్మిదంటే తక్కువా?"

"నా వయసుకి పర్లేదు. కానీ నా తర్వాత లోపలికెళ్ళిన అబ్బాయికి పద్నాలుగు."

ఆ తొమ్మిదిలోకి రాని పని ఒకటుంది. పీహెచ్‌డీ రోజుల్లో అక్క ఏడాదిన్నర కష్టపడి ఒక హైబ్రిడోమాని తయారు చేసింది. అంటే, ఒకే ఒక్క రకం యాంటీబాడీని ఆగకుండా తయారుచేసే కణాలు. అడిగిన ల్యాబులకి ఆ కణాల్ని చిన్న చిన్న గొట్టాల్లో, డ్రై ఐస్‌లో పెట్టి పంపింది. వాళ్ళు వాటితో ప్రయోగాలు చేసుకుని పేపర్లు రాసుకున్నారు. ఆ పేపర్ల చివర, కృతజ్ఞతలు చెప్పే పేరాలో అక్క పేరుంటుంది. సైటేషన్లు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఆ పేరా జోలికి పోదు.

అసలు ఈ హైబ్రిడోమా అనేదాన్ని కనిపెట్టిన ఆయన సంగతేంటి? ఆయన పనిని ఈ లెక్కలో పెడితే ఎంతొస్తుంది? అక్కడి నుంచే ఈ వారం కాలమ్.

అర్జెంటీనా నుంచి కేంబ్రిడ్జ్‌కి

ఆయన పేరు సీసర్ మిల్‌స్టైన్. 1927లో అర్జెంటీనాలోని బహియా బ్లాంకాలో పుట్టాడు. బ్యూనస్ ఎయిరీస్‌లో ఒక డాక్టరేటు, కేంబ్రిడ్జ్‌లో ఇంకోటి చేసి, 1961లో సొంత దేశానికి తిరిగొచ్చాడు. మరుసటి ఏడాది అక్కడ సైనిక తిరుగుబాటు జరిగింది. ఆయన పనిచేస్తున్న సంస్థలో డైరెక్టర్నీ, ఇంకొంతమందినీ తీసేశారు. మిల్‌స్టైన్ రాజీనామా చేసి 1963లో మళ్ళీ కేంబ్రిడ్జ్ చేరాడు. అక్కడ ఫ్రెడ్ శాంగర్ ఉన్నాడు. రెండుసార్లు నోబెల్ గెలిచిన మనిషి. ఎంజైముల మీద కాకుండా యాంటీబాడీల మీద పనిచెయ్యమని సలహా ఇచ్చింది శాంగరే.

అప్పట్లో యాంటీబాడీలతో పెద్ద చిక్కుండేది. మన ఒంట్లోకి ఏదైనా పరాయిది వస్తే బీ కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఒక్కో బీ కణం ఒక్కో రకాన్ని మాత్రమే తయారుచేస్తుంది. కానీ రక్తంలో దొరికేది వేలాది రకాలు కలిసిపోయిన మిశ్రమం. కిరాణా కొట్లో పప్పులన్నీ ఒకే గోనెలో పోసేస్తే ఎలా ఉంటుందో అలా. మనకి కావలసిన ఒక్క రకాన్ని ఏరాలంటే కుదరదు. పోనీ ఆ ఒక్క బీ కణాన్ని పట్టుకుని గాజు పాత్రలో పెంచుదామంటే, కొన్ని రోజుల్లోనే చచ్చిపోతుంది.

ఇంకో వైపు మైలోమా అనే క్యాన్సర్ కణాలున్నాయి. బీ కణాల జాతివే. వీటికి చావుండదు, పెరుగుతూనే ఉంటాయి. యాంటీబాడీలూ తయారుచేస్తాయి. కానీ ఆ యాంటీబాడీ దేన్ని పట్టుకుంటుందో ఎవరికీ తెలియదు. తాళం తెలియని తాళంచెవులు కుప్పలుగా ఉన్నట్టు.

1974లో జార్జెస్ కోలర్ అనే జర్మన్ కుర్రాడు మిల్‌స్టైన్ దగ్గరికి పోస్ట్‌డాక్‌గా వచ్చాడు. వయసు ఇరవై ఎనిమిది. అంటే ఇది రాస్తున్న నా వయసూ, చదువుతున్న మీలో చాలామంది వయసూ అటూ ఇటుగా అంతే. ఇద్దరూ కలిసి చేసిందేమిటంటే: ఒక ఎలుకకి గొర్రె ఎర్ర రక్తకణాలు ఎక్కించారు. ఎలుక ఒళ్ళు వాటికి యాంటీబాడీలు తయారుచేసింది. ఆ ఎలుక ప్లీహంలోంచి బీ కణాల్ని తీసి, మైలోమా కణాలతో అతికించారు. అతికించడానికి ఒక వైరస్‌ని వాడుకున్నారు.

ఇప్పుడు పాత్రలో మూడు రకాల కణాలుంటాయి. అతుక్కోని బీ కణాలు, అతుక్కోని మైలోమా కణాలు, రెండూ కలిసిన సంకర కణాలు. వీటిని వేరుచెయ్యడం ఎలా? ఒక ప్రత్యేకమైన ద్రావణంలో వేశారు. ఆ మైలోమా కణాల్లో ఒక ఎంజైమ్ ఉండదు కాబట్టి అందులో బతకలేవు. బీ కణాలు ఎలాగూ తమంతట తామే చచ్చిపోతాయి. చావులేనితనం మైలోమా నుంచీ, ఆ ఎంజైమ్ బీ కణం నుంచీ తెచ్చుకున్న సంకర కణాలొక్కటే మిగులుతాయి. మన భాషలో చెప్పాలంటే అదొక ఆండ్ కండిషన్. రెండు వైపులా ట్రూ అయినవే ముందుకెళ్తాయి.

ఆ మిగిలిన కణాల్లో గొర్రె రక్తాన్ని గుర్తుపట్టే యాంటీబాడీ చేసేవి ఉన్నాయా లేవా అని చూడటానికి కోలర్ ఒక రాత్రి భార్యని కూడా వెంటబెట్టుకుని ల్యాబ్‌కి వెళ్ళాడు. ఉన్నాయి. ఒక్కో కణాన్నీ వేరుగా పెంచితే ఒక్కో పాత్రలో ఒకే రకం యాంటీబాడీ. ఎంత కావాలంటే అంత, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు. దీన్నే మోనోక్లోనల్ యాంటీబాడీ అంటాం.

1975 ఆగస్టులో నేచర్ పత్రికలో పేపరు వచ్చింది. మూడంటే మూడు పేజీలు. ఇలాంటి కణాలు వైద్యానికీ పరిశ్రమకీ పనికిరావచ్చని చివరి వాక్యంలో వినయంగా ఒక ముక్క అన్నారు, అంతే. పేటెంట్ తీసుకోలేదు. బ్రిటిష్ ప్రభుత్వ సంస్థకి విషయం తెలిసినా, దీనివల్ల వెంటనే వచ్చే ఉపయోగం ఏమిటో వాళ్ళకి కనబడలేదు. అడిగిన ల్యాబులకి మిల్‌స్టైన్ తన కణాల్ని పంపించాడు. అలా వెళ్ళిన కణాలతోనే అమెరికాలో ఒక బృందం కొన్ని రకాల మోనోక్లోనల్ యాంటీబాడీలకి పేటెంట్లు తెచ్చుకుంది. 1984లో మిల్‌స్టైన్‌కీ, కోలర్‌కీ, నీల్స్ యెర్నెకీ కలిపి నోబెల్ వచ్చింది.

మూడు పేజీల పేపరు విలువ ఒకటి

సైటేషన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది యూజీన్ గార్ఫీల్డ్ అనే అమెరికన్. 1955లో ఆలోచన రాశాడు, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ మొదలుపెట్టాడు. ఆయన ఉద్దేశం మార్కులు వెయ్యడం కాదు, వెతుక్కోవడం. ఒక పాత పేపరుని ఆ తర్వాత ఎవరెవరు వాడుకున్నారో తెలిస్తే, ఆ దారి పట్టుకుని ముందుకెళ్ళొచ్చు కదా. మీకు తెలిసే ఉంటుంది, గూగుల్ మొదలైన పేజ్‌ర్యాంక్ వెనకున్నదీ ఇదే ఆలోచన. బ్రిన్, పేజ్ ఇద్దరూ వెబ్ లింకుల్ని సైటేషన్లలాగా చూశారు. వాళ్ళ పేపరు పేరులోనే సైటేషన్ అనే మాటుంది.

2005లో ఇంకో అడుగు పడింది. జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్‌ని ప్రతిపాదించాడు. తమాషా ఏంటంటే ఈయన కూడా అర్జెంటీనాలో పుట్టినవాడే. ఒక్క అంకెలో మనిషి పనంతా చెప్పెయ్యాలన్నది ఆశ. ఎన్ని పేపర్లు రాశారు, అవి ఎంతమందికి పనికొచ్చాయి, రెండూ అందులో ఉంటాయి. ఒక్క పేపరు అదృష్టంతో పేలిపోయినా ఇండెక్స్ పెరగదు. ఊరికే వంద పేపర్లు గుమ్మరించినా పెరగదు. నిజంగానే తెలివైన కొలత.

కానీ ఒక లెక్క వేసి చూడండి. ఒకావిడ జీవితం మొత్తంలో 5 పేపర్లే రాసిందనుకోండి. ఒక్కోదానికి 10,000 సైటేషన్లు. ఆవిడ హెచ్-ఇండెక్స్ 5. ఇంకొకాయన 40 పేపర్లు రాశాడు, ఒక్కోదానికి 40 సైటేషన్లు. ఆయన హెచ్-ఇండెక్స్ 40. మొత్తం కలిపితే ఆవిడకి 50,000, ఆయనకి 1,600. అయినా ఇంటర్వ్యూ బోర్డు ముందు ఆయనదే పైచేయి.

మరి 1975 నాటి ఆ మూడు పేజీల పేపరు? దానికి సైటేషన్లు వేలల్లో ఉన్నాయి. మిల్‌స్టైన్ హెచ్-ఇండెక్స్‌లో దాని విలువ ఎంతో తెలుసా? ఒకటి. గీత దాటిన ఏ మామూలు పేపరుకైనా ఎంతో, దానికీ అంతే.

హెచ్-ఇండెక్స్ వదిలేసి మొత్తం సైటేషన్లే చూద్దామంటే అక్కడ ఇంకో వింత. 2014లో నేచర్ పత్రిక ప్రపంచంలో ఎక్కువ సైటేషన్లు వచ్చిన 100 పేపర్ల జాబితా వేసింది. మొదటి స్థానంలో ఉన్నది 1951లో ఆలివర్ లౌరీ రాసిన పేపరు. ఒక ద్రావణంలో ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి అది. అప్పటికే 3 లక్షలు దాటిన సైటేషన్లు. అది తన గొప్ప పేపరేం కాదని లౌరీయే అన్నాడు. డీఎన్‌ఏ మెలికల నిచ్చెన ఆకారాన్ని చెప్పిన 1953 నాటి పేపరు మాత్రం ఆ వందలో లేనే లేదు.

అలాగని లౌరీ పేపరు చెత్త అని కాదు. ల్యాబులో రోజూ అవసరమయ్యే పనిముట్టు అది. పనిముట్టుని వాడిన ప్రతిసారీ పేరు రాస్తారు. ఆలోచనని వాడినప్పుడు రాయరు. ఎందుకంటే కొన్నాళ్ళకి ఆ ఆలోచన అందరిదీ అయిపోతుంది. సున్నా వాడిన ప్రతిసారీ దాన్ని కనిపెట్టినవాళ్ళ పేరు ఎవరు రాస్తారు చెప్పండి? దీని గురించి రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఎప్పుడో చెప్పాడు. ఒక పని అందరి పనిలోనూ పూర్తిగా కలిసిపోతే, దాన్ని మొదట చేసిన మనిషి పేరు చెరిగిపోతుందని.

హైబ్రిడోమాకి రెండూ జరిగాయి. మొదట్లో పనిముట్టుగా సైటేషన్లు వచ్చాయి. తర్వాత ల్యాబు మాన్యువల్‌లో ఒక మామూలు అంశమైపోయింది. ఇవాళ మోనోక్లోనల్ యాంటీబాడీ వాడినవాళ్ళు ఏ కంపెనీ దగ్గర కొన్నారో, కేటలాగ్ నంబరెంతో రాస్తారు. 1975 పేపరు పేరు రాయాలని ఎవరికీ తట్టదు, రాయకపోతే తప్పు పట్టేవాళ్ళూ లేరు.

పదకొండు లైన్ల పాఠం

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ విషయం 2016 మార్చిలో గట్టిగా తెలిసొచ్చింది. జావాస్క్రిప్ట్‌లో లెఫ్ట్-ప్యాడ్ అని ఒక బుల్లి ప్యాకేజీ ఉండేది. పదకొండు లైన్ల కోడ్. ఒక పదానికి ఎడమవైపు ఖాళీలు చేర్చడం, అంతే దాని పని. దాన్ని రాసినాయన ఒక గొడవలో కోపమొచ్చి ఎన్‌పీఎమ్‌లోంచి తీసేశాడు. ప్రపంచమంతా బిల్డులు ఆగిపోయాయి. పెద్ద పెద్ద ప్రాజెక్టులు దాని మీద నేరుగా కాకపోయినా, ఇంకోదాని ద్వారా, మరోదాని ద్వారా ఆధారపడి ఉన్నాయి. తీసేసేదాకా అదొకటి ఉందని కూడా చాలామందికి తెలియదు.

అప్పటి నుంచీ ఏ పని విలువైనా తేల్చడానికి ఇది మంచి ప్రశ్న అనిపిస్తుంది. దీన్ని తీసేస్తే ఏం ఆగిపోతుంది?

ఇదే ప్రశ్న ఆ మూడు పేజీల పేపరుకి వేసి చూద్దాం.

మెడికల్ షాపులో దొరికే ప్రెగ్నెన్సీ కిట్. ఆ గీత పడాలంటే హెచ్‌సీజీ అనే హార్మోన్‌ని పట్టుకునే యాంటీబాడీలు ఆ స్ట్రిప్ మీద ఉండాలి. అవి మోనోక్లోనల్‌వే. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి పదిహేను నిమిషాల్లో చెప్పిన ర్యాపిడ్ టెస్టూ అంతే. వానాకాలంలో జ్వరమొస్తే చేసే డెంగీ ఎన్‌ఎస్1 టెస్టూ అంతే.

రక్తదాన శిబిరంలో గ్రూపు చూడటానికి పలక మీద నీలం చుక్క, పసుపు చుక్క వేస్తారు, చూశారా? నీలం యాంటీ-ఏ, పసుపు యాంటీ-బీ. ఒకప్పుడు వీటిని మనుషుల రక్తం నుంచే తీసేవారు. ఒక్కో బ్యాచ్ ఒక్కోలా ఉండేది. 1980ల నుంచి ఆ పనికి మోనోక్లోనల్ యాంటీబాడీలు వచ్చాయి.

హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి చూసే సీడీ4 కౌంట్. కణాల్లో ఏది సీడీ4 అని గుర్తుపట్టాలంటే దాన్ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ కావాలి. 1977లో మిల్‌స్టైన్ ఇద్దరు సహచరులతో కలిసి, ఎలుకల్లో ఆ జాతి కణాల మీదుండే గుర్తుని మోనోక్లోనల్ యాంటీబాడీతోనే పట్టుకున్నాడు. దాన్నే ఇప్పుడు ఎలుకల సీడీ4 అంటున్నాం.

ఇక మందులు. 1997లో అమెరికాలో రిటుక్సిమ్యాబ్‌కి అనుమతి వచ్చింది. లింఫోమా అనే రక్త సంబంధమైన క్యాన్సర్‌కి మందు. దాని మూలం ఒక ఎలుక హైబ్రిడోమాలో పుట్టిన యాంటీబాడీ. పదేళ్ళకి, 2007లో, హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ రెడిటక్స్ అనే పేరుతో దానికి బయోసిమిలర్‌ని మార్కెట్లోకి తెచ్చింది. 2021 నాటికి అమెరికాలో అనుమతి పొందిన మోనోక్లోనల్ యాంటీబాడీ మందులు వందకి చేరాయి.

మా పెదనాన్నకి లింఫోమా వచ్చినప్పుడు మూడు వారాలకోసారి చొప్పున ఆరుసార్లు ఆ మందు ఎక్కించారు. ప్రతిసారీ ఆరేడు గంటలు. సెలైన్ స్టాండ్ పక్కన కూర్చుని నేను ఆఫీసు పని చేసుకునేవాణ్ణి. సీసా మీద కంపెనీ పేరుంది, బ్యాచ్ నంబరుంది, ఎక్స్‌పైరీ తేదీ ఉంది. పెదనాన్న ఇప్పుడు పొద్దున్నే పొలం చుట్టి వస్తున్నాడు. ఆయన నడక ఏ ఇండెక్స్‌లో పడుతుంది?

ఇవన్నీ వాడేటప్పుడు ఎక్కడా ఒక్క సైటేషన్ కూడా పెరగదు. కిట్ కొన్న అమ్మాయి ఫుట్‌నోట్ రాయదు కదా.

అంకె వద్దా మరి?

ఇదంతా చెప్పి "అంకెలన్నీ తగలెయ్యండి అక్కా" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"అంకెలు లేనప్పుడు ఏముండేదో తెలుసా? నువ్వెవరి స్టూడెంట్‌వి, ఏ యూనివర్సిటీ, మీ ప్రొఫెసర్ ఎవరికి క్లాస్‌మేట్? నాలాంటి జిల్లా కాలేజీలో డిగ్రీ చదివినదానికి ఆ తొమ్మిదే ఇంటర్వ్యూ లెటర్ తెచ్చింది రా. దాన్ని తిట్టకు."

నిజమే. అంకెకి ఇంటిపేరు తెలియదు, ఊరు తెలియదు. సిఫార్సు లేనివాళ్ళని గుమ్మం దాకా తీసుకురావడానికి అదొక ఆసరా. గుమ్మం దాటాక కూడా దాన్నే పట్టుకు వేలాడితేనే తంటా. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, ఆ పేపర్లలో ఏముందో అడిగే ఓపిక ఎవరికీ లేకపోతే, మనుషులు అంకె కోసమే పనిచెయ్యడం మొదలుపెడతారు. ఒక్క పనిని నాలుగు ముక్కలు చేసి నాలుగు పేపర్లు. నువ్వు నన్ను సైట్ చెయ్యి, నేను నిన్ను చేస్తా. డబ్బు తీసుకుని పేపర్లు వండిపెట్టే దుకాణాలు. మాకూ కొత్తేం కాదు. కోడ్ లైన్లు లెక్కపెడితే లైన్లు పెరుగుతాయి, మూసిన టికెట్లు లెక్కపెడితే టికెట్లు పెరుగుతాయి.

ఈ సంగతి పరిశోధన లోకానికి తెలియదని కాదు. ఫలానా పత్రికలో వచ్చిందన్న కారణంతోనే మనిషికి మార్కులు వెయ్యొద్దని 2012లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో కొంతమంది ఒక ప్రకటన రాశారు. ప్రపంచవ్యాప్తంగా వేలాది సంస్థలూ, వ్యక్తులూ దాని మీద సంతకం పెట్టారు. హెచ్-ఇండెక్స్‌ని కనిపెట్టిన హిర్షే 2020లో, అది ఘోరంగా విఫలం కావచ్చనీ, తాను అనుకోని చెడు జరగొచ్చనీ రాశాడు. మన దగ్గర 2022లో యూజీసీ, థీసిస్ ఇచ్చేముందు పేపరు అచ్చవ్వాల్సిందేనన్న నిబంధన తీసేసింది. కాలేజీ ర్యాంకుల్లో మాత్రం పేపర్లూ సైటేషన్లూ ఇంకా లెక్కలో ఉన్నాయి. కాబట్టి ఒత్తిడి ఎక్కడికీ పోలేదు.

మిల్‌స్టైన్, కోలర్ చేసిన పని అంకెల కోసం పరిగెత్తేవాళ్ళకి కష్టమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మొదటి విజయం తర్వాత కొన్ని నెలలపాటు అదే ప్రయోగం వాళ్ళ ల్యాబులోనే మళ్ళీ సరిగా పనిచెయ్యలేదు. "నా మెషీన్‌లో పనిచేస్తోందే" అని మనం అనుకునే పరిస్థితికి తిరగేసిన రూపం. ఆఖరికి తేలిందేమిటంటే, వాడుతున్న ద్రావణాల్లో ఒకటి కణాల్ని చంపేస్తోంది. అలాంటి ఖాళీ నెలలు ఎవరి ప్రొఫైల్‌లోనూ కనబడవు. కొత్త పేపరు రాలేదంతే. ఆర్నెల్లకోసారి అంకె చూపించమనే చోట, ఆ ద్రావణం సంగతి తేలేదాకా ఎవరు ఆగుతారు?

ఇంటర్వ్యూ బోర్డులో మనం కూర్చోకపోవచ్చు. కానీ ఏ కాలేజీలో చేరాలి, ఏ గైడ్ దగ్గర పీహెచ్‌డీ చెయ్యాలి, టీవీలో మాట్లాడుతున్న నిపుణుడి మాట ఎంతవరకు నమ్మాలి అని చూడటానికి మనం కూడా ప్రొఫైల్ తెరిచి ముందు ఆ అంకె మీదే కన్నేస్తాం. ఇక మీదట ఇంకో రెండు నిమిషాలు ఇవ్వండి. అన్నిటికన్నా పైనున్న పేపరు మీద నొక్కండి. దాన్ని ఎవరు వాడుకున్నారో చూడండి. అంతా వాళ్ళ స్నేహితులూ, శిష్యులేనా, లేక ముక్కూ మొహం తెలియనివాళ్ళా? ఊరికే పరిచయ పేరాలో ఒక పేరుగా పడేశారా, లేక దాని మీద నిలబడి ఇంకేదైనా కట్టారా? చివరగా, ఇది లేకపోతే వాళ్ళ పని ఆగేదా?

అక్క విషయంలో ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. ఆమె పంపిన కణాలు లేకపోతే కనీసం మూడు ల్యాబుల్లో పని ఆగేది. ఈసారి ఇంటర్వ్యూకి ఆ ల్యాబుల నుంచి ఒక్కో లెటర్ తీసుకుని, ఆ కణాలతో ఏమేం చేశారో ఒక పేజీ రాసి ఫైల్లో పెట్టమన్నాను. "చదువుతారంటావా?" అంది. చదువుతారో లేదో నేను చెప్పలేను. కానీ తొమ్మిది పక్కన అది కూడా ఉండాలి.

మందు పేరు చివర మూడక్షరాలు

మిల్‌స్టైన్ 2002లో పోయాడు. కోలర్ అంతకు ముందే, 1995లో, నలభై ఎనిమిదేళ్ళకే వెళ్ళిపోయాడు. వాళ్ళ పనికి ఎవరూ లెక్కపెట్టని గుర్తు ఒకటి మాత్రం ప్రతి ఆసుపత్రిలోనూ ఉంది. రిటుక్సిమ్యాబ్, ట్రాస్టుజుమ్యాబ్, అడాలిముమ్యాబ్. చివర్న ఉన్న "మ్యాబ్" అంటే ఇంగ్లీషు పొడి అక్షరాల్లో మోనోక్లోనల్ యాంటీబాడీ. దానికి ముందున్న అక్షరాలకి కూడా అర్థముంది. "క్సిమ్యాబ్" అంటే కొంత ఎలుకది, కొంత మనిషిది. "జుమ్యాబ్" అంటే చాలావరకు మనిషిది. "ఉమ్యాబ్" అంటే పూర్తిగా మనిషిదే. ఎలుక యాంటీబాడీని మన ఒళ్ళు పరాయిదని తిప్పికొట్టకుండా దాన్ని మెల్లమెల్లగా మనిషి యాంటీబాడీగా మార్చుకుంటూ వచ్చిన ముప్పై ఏళ్ళ కథ ఆ అక్షరాల్లో ఉంది. ఆ దారిలో నడిచిన గ్రెగ్ వింటర్‌కి 2018లో కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా వచ్చింది. ఆయన పనిచేసిందీ మిల్‌స్టైన్ పనిచేసిన కేంబ్రిడ్జ్ ల్యాబులోనే.

"మ్యాబ్"తో ముగిసే పేర్లు ఎక్కువైపోయి ఒకదానికొకటి పొరబడే ప్రమాదం వచ్చింది. అందుకని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కొత్తగా వచ్చే మందులకి ఆ తోక వద్దని, దాని బదులు నాలుగు కొత్త తోకలు ఇచ్చింది. అంటే ఇక మీదట కొత్తగా పెట్టే మందుల పేర్లలో ఆ మూడక్షరాలు కూడా ఉండవు. పాత మందుల పేర్లు మాత్రం అలాగే ఉంటాయి. ఇంట్లో ఎవరి ఫైల్లోనైనా మందుల చీటీలు ఉంటే ఒకసారి తీసి చూడండి. ఆ తోక కనబడితే, అది 1975 నాటి మూడు పేజీల నుంచి వచ్చిందని పక్కనున్నవాళ్ళకి చెప్పండి.